గర్భిణుల మూత్రపరీక్ష – పంచాయతీల బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గురించియు, వీధి దీపములను గురించియు పంచాయతీ సభలలో గంటల తరబడి చర్చ జరుగును. గర్భిణుల మూత్రమును గురించి మాటాడుటకు మాత్రము మనవారు సంకోచింతురు. కాని రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలును చూడుడు. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మంచినీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి గలవు. కావున మేము ఈ సంగతిని నిస్సంకోచముగ మీ ముందుంచుచున్నాము.

స్త్రీ గర్భము దాల్చినపుడు మూత్రపిండముల నుండి మూత్రాశయమునకు పోవు నాళములు సడలును. పెరుగుచున్న గర్భాశయము వానిని నొక్కును. అందుచే మూత్రము సాఫీగా పారక నిలువయుండును. పారని కాలువలో నాచు పట్టినట్లు, నిలిచిన మూత్రమున సూక్ష్మక్రిములు వృద్ధిజెందును. వీనిలో అధికభాగము మన ప్రేవులలో నుండు ఈ.కోలై అను క్రిమియే.

నొప్పిగాని మంటగాని లేకుండగనే ఈ క్రిములుండవచ్చును. నూరుగురు గర్భిణులలో ఇద్దరు మొదలు పదిమంది వరకు ఇట్టివారుందురు. చికిత్స జరుగనిచో వీరిలో నూటికి ముప్పదిమంది వరకు క్రిములు మూత్రపిండముల కెక్కి తీవ్ర వ్యాధి కలుగవచ్చును. నెలలు నిండక మునుపే కాన్పగుట, తక్కువ బరువుతో బిడ్డ పుట్టుట అను ప్రమాదములును గలవు. బాధలేని గర్భిణులకు సైతము మూత్రపరీక్ష అవసరమని 1960 ప్రాంతమున బోస్టన్ నగరమందలి డాక్టర్ ఎడ్వర్డ్ కాస్ పరిశోధనలు లోకమునకు తెలిపెను.

మంట పుట్టినచో మన ఇండ్లలో ‘వేడి చేసినది’ అని బార్లీ నీరు, సబ్జా నీరు, మజ్జిగ ఇత్తురు. నీరు త్రాగించుట మంచిదే. పెద్దలను మేము తప్పుపట్టము. కాని బార్లీ నీటికి క్రిములు చావవు.

‘ఉపకేంద్రమున మూత్రము చూచినారు గదా’ అని కొందరందురు. అచ్చట సాధారణముగ ముంచు పట్టీ ఆల్బుమినును, చక్కెరను మాత్రమే చూపును. అది రక్తపోటు ఉపద్రవమును, మధుమేహమును పసిగట్టుటకు; క్రిముల సంగతి చెప్పజాలదు. క్రిములకు కల్చర్ అను పరీక్ష వేరుగ గలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణులకు దీనినే సిఫారసు చేసెను. మొదటి ధారను విడిచి, నడిమి ధారను ప్రయోగశాలవా రిచ్చు శుభ్రమైన సీసాలో పట్టవలెను. ఆలస్యము చేయక అందజేయవలెను. ఎండలో బస్సు కొరకు సీసాతో గంటలకొలది వేచియున్నచో ఫలితము తారుమారగును.

అందుచే గర్భిణినే పరీక్షాస్థలమునకు చేర్చుట మేలు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. ఆనాడు వాహనము నేర్పాటు చేయుట పంచాయతీకి భారము కాదు. కల్చర్ పరీక్ష ఎచ్చట జరుగునో ముందుగనే వైద్యాధికారి నడిగి ఆశా కార్యకర్తకు తెలుపుడు.

ఇక పొలములకు పోవుదము. నాట్లకు, కలుపుతీతకు పోవు గర్భిణి ఉదయము మొదలు సాయంకాలము వరకు మరుగు లేక మూత్రమును బిగబట్టును. మూత్రము వచ్చునను భయమున దాహమైనను నీరు త్రాగదు. ఈ రెండును వ్యాధికి తోడ్పడునవే. ఇంటింట మరుగుదొడ్డి కట్టించితిమని సంతోషింపవచ్చును గాని, ఆమె పగలంతయు ఇంటనుండదు గదా! కూలిపనులు జరుగుచోట్ల నాలుగు తడకల మరుగు, కడవెడు నీరు సమకూర్చుట కష్టమా? పంచాయతీ కార్యాలయపు మరుగుదొడ్డికి తాళమువేసి, తాళపుచెవిని గుమాస్తా జేబులో నుంచుకొను గ్రామములును లేకపోలేదు. ఆ తాళమును ముందు తీయించుడు.

మందును గురించి ఒక్కమాట. ఇంటిలో మిగిలిన బిళ్ళలను, అంగడిలో అడిగి తెచ్చిన బిళ్ళలను గర్భిణి కీయరాదు. వానిలో కొన్ని గర్భస్థ శిశువునకు హానిచేయును. వైద్యుడు వ్రాసిన మందును, సాధారణముగ ఏడు దినములు, మంట తగ్గినను మానక వాడవలెను. పిమ్మట మరల పరీక్ష చేయించవలెను. చలితో జ్వరము, నడుము ప్రక్కల నొప్పి, వాంతులు కలిగినచో తెల్లవారువరకు ఆగక, వెంటనే 108 వాహనమును పిలిపించి ఆసుపత్రికి చేర్చవలెను.