వార్తలు వ్రాయుటకు కూడ చదువు కావలెనా?

మడకశిర ప్రాంతమున ఒక రైతుబిడ్డ ఇంటర్మీడియట్ ముగించి, కళాశాలలో పత్రికారచనయు, రేడియో టెలివిజన్ కార్యక్రమముల నిర్మాణమును చదివెదనని ఇంట చెప్పినచో, పెద్దలు మొదట అడుగు ప్రశ్న యిది: "వార్తలు వ్రాయుటకు కూడ చదువు కావలెనా?" ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు మాకు మనసు రాదు. ఇంజనీరింగు చదివినవాడేమి చేయునో పల్లెలో అందరికిని తెలియును. ఈ చదువులో ఏమి నేర్పుదురో, నేర్చినవాని గతి యేమగునో విడమరచి చెప్పువారు మాత్రము అరుదు.

పెద్దల పక్షమున మంచి సాక్ష్యమే కలదు. 1926లో అనంతపురమునుండి శ్రీ సాధన పత్రికను వెలువరించిన పప్పూరు రామాచార్యులుగారు ఏ జర్నలిజము తరగతిలోను కూర్చుండినవారు కారు. నాటికి తెలుగునాట అట్టి తరగతియే లేదు. తరిమెలలో పుట్టి, ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికకు పేరు తెచ్చిన విద్వాన్ విశ్వముగారి సంగతియు అంతే. జాతీయోద్యమములో పాల్గొని, చెరసాలలు చూచి, పత్రిక నడుపుచునే పత్రికారచన నేర్చినవారు వారు. కాని అట్టి సంపాదకుని ప్రక్కన కూర్చుండి పని నేర్చు భాగ్యము ఊరికొకరికైనను దక్కినదా? పరిచయములు లేని ఇంటి పిల్లవానికి తలుపు తెరచునది కళాశాలయే గదా!

ఆ తలుపు మెల్లమెల్లగా తెరచుకొన్నది. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున 1941లో జర్నలిజము శాఖ వెలసినది. మైసూరు మహారాజా కళాశాలలో 1951లోను, ఉస్మానియాలో 1954లోను ఈ విద్య ప్రవేశించినది. నేడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునందును దీనిని చదువవచ్చును.

ఇక ఏమి నేర్పుదురందురా? రేడియోనే తీసికొందము, వినువారు మీరే గనుక సులభముగా పోల్చుకొందురు. కంటికొరకు వ్రాసినది వేరు, చెవికొరకు వ్రాసినది వేరు. పత్రికలో వాక్యము అర్థము కానిచో పాఠకుడు వెనుకకు పోయి మరల చదువుకొనును. శ్రోతకు ఆ వీలు లేదు. కావున వాక్యము చిన్నది కావలెను. "మూడువేల నాలుగువందల పదునేడు బస్తాలు" అని చదివినచో చెవిలో ఏదియు నిలువదు. "సుమారు మూడువేల నాలుగువందల బస్తాలు" అన్న చాలును. మైకునకు మరీ దగ్గరగా నోరుంచిన 'ప' కారము పేలును. మరీ దూరముంచిన గది ప్రతిధ్వని గొంతును మ్రింగును. వెనుకటి దినములలో ధ్వనిని అయస్కాంతపు టేపుపై ముద్రించి, వలదన్న భాగమును బ్లేడుతో కోసి అతికెడివారు. ఆ కోత నిలువుగాగాక ఏటవాలుగా ఉండవలెను. లేనిచో అతుకువద్ద టక్కుమను శబ్దము వినవచ్చును. ఇప్పుడా పని కంప్యూటరు చేయుచున్నది. ఎచ్చట కోయవలెనో, వక్త ఊపిరి తీసికొన్న నిశ్శబ్దమును ఎంతవరకు ఉంచవలెనో మాత్రము మనిషి చెవియే నిర్ణయింపవలెను.

వీనికన్న కష్టమైనది ప్రశ్న వేయుట. కరవు సంవత్సరమున ఒక రైతును "పంట పోయినదా?" అని అడిగినచో "పోయినది" అనును. అంతటితో సంభాషణ ముగిసినది. "విత్తనము వేసిన దినమునుండి ఏమేమి జరిగినదో చెప్పుడు" అని అడిగి చూడుడు! జూనులో పడిన వాన, అప్పుతెచ్చిన విత్తనము, ఊడలు నేలకు దిగు వేళకు ముఖము చాటువేసిన మేఘము, అన్నియు వరుసగా వెలువడును. అనంతపురపు సీమలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ మొత్తము కురిసిన యేటను వేరుశనగ ఎండిపోవచ్చును, వానకు వానకు నడుమ ఎడము పెరిగినచో. వాతావరణమును బట్టి చెల్లించు పంటబీమాలోనైతే పొలములో పడిన చినుకునకు లెక్క లేదు. నిర్దేశించిన వర్షమాపకములో పడినదే లెక్క. ఈ సంగతి తెలిసిన విలేకరి ఒక ప్రశ్న అదనముగా వేయును. ఆ యొక్క ప్రశ్నతో వార్త పరిహారము కొరకైన అర్జీకి ఆధారము కావచ్చును. తెలియనివాడు బీటలువారిన నేల ఛాయాచిత్రము తీసికొని మరలిపోవును.

ఈ ప్రాంతపు పిల్లలకు మరియొక సంపద కలదు. కళాశాలలు దానిని సంపదగా లెక్కింపవు. రొళ్ల, అగళి, అమరాపురము, గుడిబండ ప్రాంతములలో అనేక గృహములయందు కన్నడము మాతృభాష, సంతలో తెలుగు. నొళంబుల రాజధానియైన హేమావతి ఈ సీమలోనిదే. పుస్తకములోని వేరుశనగ ఒక ఇంట చెనిక్కాయ, ప్రక్కయింట కడలేకాయి. రెండు భాషలలో నవ్వగలిగి, బేరమాడగలిగి, ఓదార్పగలిగిన యువకుడు సరిహద్దుకు ఇరువైపుల మాట వినగలడు. అట్టివాడు తరగతిలో ఆంగ్లము తడబడుచున్నాడని వెనుక బల్లకు చేరుట మాకు బాధ కలిగించును. ఆంగ్లము నేర్వవలసినదే. కాని దానిని నేర్చు తొందరలో ఇంటి భాషను దాచుకొనుట నష్టపు బేరము.

చదువు లేనివారికి ఈ విద్య అందదందురా? 2008 అక్టోబరు 15న జహీరాబాదు సమీపమున మాచనూరులో సంఘం రేడియో మొదలైనది. దానిని నడపినవారు దళిత స్త్రీలు. ధ్వనిముద్రణయు, కూర్పును, ప్రసారమును వారే నేర్చిరి. విత్తనముల గూర్చి, పండుగల గూర్చి తమ యాసలోనే మాటలాడిరి. గాలిలోని తరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995లో తీర్పు చెప్పిన పిమ్మట కలిగిన మార్పుల ఫలితమిది. 2004లో చెన్నపట్టణపు అన్నా విశ్వవిద్యాలయము విద్యాలయ రేడియోను ఆరంభించినది. 2006లో స్వచ్ఛంద సంస్థలకును అనుమతి లభించినది. ఇందొక వింత కలదు. ఇట్టి కేంద్రములకు సొంతముగా వార్తలు ప్రసారము చేయు హక్కు లేదు. విద్యార్థి ఉదయము తరగతిలో వార్త వ్రాయుట నేర్చును. సాయంకాలము తన కళాశాల రేడియోలోనే దానిని చదువరాదు! ఈ నిబంధనను సడలింపవలెనని మా అభిప్రాయము.

చివరకు బ్రతుకుతెరువు మాట. దీనిని దాచుట తల్లిదండ్రులకు ద్రోహము. మండల కేంద్రములలో పనిచేయు విలేకరులలో అనేకులకు నెలజీతము లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి స్వల్పముగా ముట్టును. అంతకన్న చిక్కైనది, ప్రకటనలు కూడ వారినే తెమ్మనుట. ఉదయము ఎవని ఇసుక బండ్ల గూర్చి వ్రాయవలెనో, సాయంకాలము వానివద్దకే పండుగ శుభాకాంక్షల ప్రకటనకై పోవలెను. ఆ విలేకరి కలము ఎటు వంగునో వేరుగా చెప్పనేల? ఈ చిక్కును మొదటి సంవత్సరముననే విద్యార్థులముందుంచి చర్చించు అధ్యాపకుడు దొరకినచో అదృష్టమే. ధ్వని కూర్పు, దృశ్య చిత్రణము, అనువాదము చేతనైనవానికి ప్రకటనలపై ఆధారపడని పనులు కొన్ని దొరకును. రెండు భాషలవానికి మరికొన్ని ఎక్కువ.

కావున రుసుము కట్టుటకు ముందు తండ్రియో తల్లియో ఒకసారి కళాశాలకు పోయి చూడవలెను. ప్రసారశాల ఉన్నదా యని అడిగిన ఉన్నదనియే అందురు. దాని తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో, వారమునకు ఎన్ని గంటలు విద్యార్థులు లోపల కూర్చుందురో అడుగవలెను. గత సంవత్సరపు విద్యార్థులు చేసిన కార్యక్రమ మొకటి వినిపింపుడని కోరి, పావుగంట తీరికగా వినవలెను. అందు మాటలాడినవారిలో ఎందరు అతిథి ఉపన్యాసకులో, ఎందరు ఊరివారో వ్రేళ్లపై లెక్కించుకొని ఇంటికి రావచ్చును.