రెడ్‌వుడ్ మహావృక్షాలు: ఫోటో తీయదగిన తావులు
(మన సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగము)



రైల్వే గుమాస్తా మాట్లాడుతాడంటే టిక్కెట్ల సంగతి కాబోలునని మీరు అనుకొని ఉంటారు. కార్యదర్శిగారు మాకు ఇచ్చిన విషయము వేరు. మనలో చాలా ఇళ్ళ పిల్లలు ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నారు. వారిని చూడబోయిన తలిదండ్రులు రెడ్‌వుడ్ చెట్ల క్రింద నిలబడి ఫోటోలు తీయించుకొని వస్తున్నారు. ఆ ఫోటోలలో ఒక మొద్దూ, దాని ప్రక్కన ఒక మనిషీ తప్ప చెట్టు కనపడదు. కిందటేడు మేము సెలవు పెట్టి, శాన్ హోసేలోని మా బావమరిది ఇంటికి వెళ్ళి ఆ అడవులు తిరిగి వచ్చాము గనుక, ఎక్కడ, ఏ వేళ ఫోటో తీస్తే బాగుంటుందో చెప్పమన్నారు.

రెడ్‌వుడ్ అనగానే మన శేషాచలపు ఎర్రచందనమనుకొనేవారు ఉన్నారు. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది సూదులవంటి ఆకులు గల చెట్టు. కాలిఫోర్నియా పడమటి తీరము వెంబడి, ఆరెగాన్ సరిహద్దు కొద్దిగా దాటేవరకు, సన్నని పట్టీగా ఈ అడవి ఉన్నది. వేసవిలో అక్కడ వానలు ఉండవు. సముద్రము మీదినుంచి వచ్చే పొగమంచును కొమ్మలు పట్టి చినుకులుగా నేలకు రాల్చుతవి. ఆ తడే చెట్టుకు ఆధారము. నేడు బ్రతికియున్న చెట్లలో ఇంత ఎత్తైన జాతి మరొకటి లేదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాలు అడ్డముగా పరచుకొన్నది. ఇది నిలువుగా పోయినది. చిక్కు మాత్రము రెంటితోనూ ఒకటే. రెండూ కెమేరాలో పట్టవు.

అందుచేత మొదటి సూత్రము: చెట్టంతా పట్టించవలెనని పంతము పట్టవద్దు. మొదలు దగ్గర నిలబడి కెమేరా పైకెత్తితే చెట్టు వెనక్కు పడిపోతున్నట్లు కనపడుతుంది. బాట వెంట దూరముగా పోయి, నాలుగైదు మానులు వరుసగా నిలిచిన చోటు చూడండి. మన మనిషిని కెమేరా ముందు కాక, చెట్టు మొదటి దగ్గరే నిలబెట్టండి. మనిషి చిన్నవాడైతేనే చెట్టు పెద్దదవుతుంది. మా ఆవిడ మొదట దీనికి ఒప్పుకోలేదు. “ఇంత దూరము వచ్చి నేను చీమంత కనపడాలా?” అన్నది. ఇప్పుడు మా గోడ మీద ఉన్నది ఆ చీమ ఫోటోయే.

రెండవ సూత్రము వేళను గురించి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అడవి నేల మీద తెల్లని మచ్చలు, నల్లని మచ్చలు పడి ముఖాలు తెలియవు. మబ్బు పట్టిన రోజు, పొగమంచు పట్టిన ఉదయము శ్రేష్ఠము. మంచు పట్టిందని బయలుదేరడము మానవద్దు. ఆ మంచు కొరకే వెళ్ళవలెను.

ఇక తావులు. శాన్ హోసేకు దగ్గరిది ఫెల్టన్ ఊరి హెన్రీ కోవెల్ పార్కు. మైలుకు లోపు చదునైన బాట. చేతికర్ర గల పెద్దలు కూడా నడువగలరు. లోపల మనుషులు నిలబడగలిగిన బోలుచెట్టు ఒకటి ఉన్నది. ప్రక్కనే రోరింగ్ క్యాంప్ అనే చిన్న రైలు స్టేషను. 1963లో మొదలైన ఈ బండి గేజి 3 అడుగులు. మన నారో గేజి 2 అడుగుల 6 అంగుళాలే. ఆవిరి ఇంజను పళ్ళచక్రాలతో నడుస్తుంది గనుక నిటారు ఎత్తును మెల్లగా ఎక్కుతుంది. 1976లో చెక్కవంతెన కాలిపోయినది. అప్పటినుంచి బండి ముందుకు పోయి, ఆగి, వెనుకకు నడిచి పైకి ఎక్కుతుంది. నడువలేనివారు పెట్టెలో కూర్చుండే ఫోటోలు తీసుకొనవచ్చును.

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మ్యూర్ వుడ్స్ ఉన్నది. జనము ఎక్కువ. 2018 నుంచి బండి నిలుపుటకు గాని, వారి బస్సులో పోవుటకు గాని ముందుగా రిజర్వేషన్ చేసుకోవలెను. ప్రొద్దున్నే మొదటి వేళకు తీసుకోండి. రెండు మూడు రోజుల తీరిక ఉన్నవారు ఉత్తరానికి హంబోల్ట్ పార్కుదాకా పోవలెను. అక్కడ 31 మైళ్ళ రస్తా పొడుగునా మహావృక్షాలే. ఇంకా పైకి పోతే లేడీ బర్డ్ జాన్సన్ వనము, స్టౌట్ వనము వస్తవి. మొదటిదానిలో మే, జూను నెలలలో రోడోడెండ్రాన్ పూలు పూస్తవి. రెండవది సాయంకాలపు ఏటవాలు వెలుతురుకు ప్రసిద్ధి.

ఈ తావులు మనకు మిగిలినదెట్లాగో కూడా వినండి. శాన్ హోసే నగరములో ఆండ్రూ హిల్ అనే ఫోటోగ్రాఫరు ఉండేవాడు. ఆ కొండలలో 1899లో వచ్చిన కార్చిచ్చు గురించి లండను పత్రిక ఒకటి వ్యాసము వేయుచు, అతనిని బొమ్మలు తీయమన్నది. అతడు ఫెల్టన్ చెట్లను ఫోటో తీయగా, వనము యజమాని అడ్డుపడి నెగిటివులు ఇచ్చి పొమ్మన్నాడు. ఇంత గొప్ప చెట్లు ఒకరి సొంతమేమిటి, ఇవి ప్రజలవి కావలెనని అతడు పట్టుబట్టినాడు. 1900లో సెంపర్‌వైరెన్స్ క్లబ్బు అనే సంఘము పుట్టినది. హిల్ ఫోటోలు శాసనసభ్యుల చేతులకు వెళ్ళినవి. 1902లో బిగ్ బేసిన్ అడవి ప్రభుత్వ పార్కు అయినది. 2020 ఆగస్టులో ఆ పార్కు దాదాపు అంతా కాలిపోయినది. అయినా దళసరి బెరడు కాపాడగా చాలా మానులు నల్లబడిన ఒంటితోనే మళ్ళీ చిగిర్చినవి.

అందరికీ ఆ అదృష్టము పట్టలేదు. వెనుకటి రెడ్‌వుడ్ అడవిలో నూటికి 5 వంతులే నేడు మిగిలినది. తక్కినది ఇళ్ళకూ, రైలు స్లీపర్లకూ పోయినది. ఆ లెక్కలో మా శాఖకు కూడా వంతు ఉన్నది.

ఒకప్పుడు చెట్లను కాపాడిన ఫోటోయే ఇప్పుడు వాటికి చేటు తేగలదు. 2006లో హైపీరియన్ అనే చెట్టును కనుగొన్నారు. ఎత్తు సుమారు 116 మీటర్లు, లోకములోకెల్లా ఎత్తైనది. దానికి బాట లేదు. అయినా ఫోటో కొరకు జనము పొదలు త్రొక్కుకొంటూ పోయి, మొదట్లోని నేలను గట్టిపరచినారు. రెడ్‌వుడ్ వేళ్ళు లోతుకు పోవు. పైపైన దూరముగా ప్రాకుతవి. 2022లో ఆ చోటు మూసివేసినారు. పోయినవారికి 5,000 డాలర్లదాకా జరిమానా, 6 నెలలదాకా జైలు. నిజానికి ఫోటోలో 116 మీటర్లకూ 90 మీటర్లకూ భేదము ఎవరు పోల్చగలరు? బాట ప్రక్కనున్న పేరులేని చెట్టే మనకు చాలును.

కనుక ఈ వేసవికి ప్రయాణమయ్యేవారికి మా మనవి ఒకటే. బాట దిగవద్దు. పిల్లలను కంచె దాటించి నిలబెట్టవద్దు. ఫోటో తీసిన తరువాత కెమేరాను సంచిలో పెట్టి, పది నిమిషాలు ఊరకే తలెత్తి చూడండి. తిరిగి వచ్చాక ఆ ఫోటోలు మన సంఘ గ్రంథాలయానికి ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. పోలేనివారు చూస్తారు.