మైలుతుత్తం చేసే పని



శంషాబాదు చుట్టుపక్కల ద్రాక్ష పెంచినవారికి మైలుతుత్తం సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ తోటలు ఇప్పుడు చాలావరకు లేవు; 2008లో విమానాశ్రయం మొదలైన తరువాత ఎన్నో నేలలు ప్లాట్లయినవి. కాని అనాబేషాహి పందిళ్ళకు బోర్డో మిశ్రమం కొట్టిన చేతులు ఇంకా ఉన్నవి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు! అందులోని రాగి తెగులును ఎట్లా చంపుతుందో ఈస్టు మీద చేసి చూడవచ్చును.

కల్లును పులియజేసేదీ, రొట్టెను పొంగించేదీ ఈస్టే. ఒక్క కణపు జీవి. రెండు గాజు సీసాలలో గోరువెచ్చని నీళ్ళు పావు లీటరు చొప్పున పోయండి. ఒకదానిలో అరచెంచా మైలుతుత్తం కరగించండి. తరువాత రెండింటిలోనూ రెండేసి చెంచాల పంచదార, అరేసి చెంచా ఈస్టు వేసి, మూతులకు బెలూన్లు తొడగండి. మైలుతుత్తం విషం సుమా! పిల్లల్ని దూరంగా ఉంచండి, ఆ సీసా మళ్ళీ వాడకండి. గంటా రెండు గంటలలో ఒక బెలూను లేచి నిలబడుతుంది, రెండోది వాలిపోయే ఉంటుంది. గంటసేపు ఉపన్యాసం కన్న ఈ సీసాలే నయం.

లోపల జరిగేదేమిటి? రాగి, జింకు ఈస్టుకు రవ్వంత కావలసినవే. మోతాదు మించితే రాగి కణం చుట్టూ ఉన్న పల్చని పొరను చెరుపుతుంది. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. కాడ్మియం, పాదరసం వంటివి ఎంజైములలో గంధకం ఉన్నచోట అంటుకొని వాటిని పనిచేయనీయవు. ఈస్టు ఊరకే చావదు. గంధకం మెండుగా గల చిన్న మాంసకృత్తును తయారుచేసి రాగిని కట్టివేస్తుంది. కాని దాని శక్తికీ ఒక హద్దుంది.

పురుగుమందు ఆలస్యంగానైనా విరిగిపోతుంది, లోహం విరగదు. నేలలో పడ్డది నేలలోనే ఉంటుంది. శంషాబాదుకు, పట్నానికి నడుమనున్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ అధికంగా ఉన్నట్లు 2008లో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. ఇంగ్లండులోని వోబర్న్‌లో 1942 నుండి 1961 వరకు మురుగు బురదను ఎరువుగా వేశారు. మానివేసిన ఇరవై ఏళ్ళకు కూడా ఆ మళ్ళలో క్లోవర్ వేళ్ళ బుడిపెలు నత్రజనిని సరిగా పట్టలేకపోయినవి. మన కందికి, అలసందకు నత్రజని పెట్టేవీ అటువంటి సూక్ష్మజీవులే.

కాబట్టి కార్ఖానాల కాలువ నీరు పాలకూరకు, తోటకూరకు పెట్టవద్దు; ఆకుకూరలు కాడ్మియంను సులువుగా లాగుకొంటవి. మామూలు భూసార పరీక్ష చీటీలో సీసం, కాడ్మియం ఉండవు, విడిగా అడగవలెను. పాత ద్రాక్షతోట నేలలో కంది వేసినవారు పూతకు ముందు నాలుగు మొక్కలు తీసి బుడిపెలను చీల్చి చూడండి. లోపల గులాబిరంగు ఉంటే పని జరుగుతున్నట్లు. తెల్లగా ఉంటే రాగి పరీక్షకు మట్టి పంపండి. మొక్కను పీకవద్దు, బుడిపెలు నేలలోనే రాలిపోతవి. చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా ఎత్తి, నీళ్ళలో మెల్లగా కడగండి.