తృప్తియు పొదుపును



గత కార్తీకమాసములో కోరుట్లలో పురాణము ముగించి మేము లేచుచుండగా, ఒక వృద్ధురాలు ప్రసాదము పుచ్చుకొని అక్కడనే నిలిచిపోయినది. "పంతులు గారూ, ముప్పై ఏండ్లు బీడీలు చేసిన. పీఎఫ్ పైసలు చేతికచ్చినయి. కొడుకు దుబాయి వీసాకు అడుగుతున్నడు. ఇయ్యకుంటె పాపమా? ఇస్తే నా ముసలితనం ఎట్ల గడుస్తది?" అని అడిగినది. వెంటనే సమాధానము తోచక, మరునాడు రమ్మంటిమి.

ఎందుకు తోచలేదో దాచనేల? ఆ ప్రశ్న మాకును తగిలినది. మేము పాఠశాలలో వేదము చదివినవారము. నెలజీతము లేదు, పింఛను లేదు. వచ్చిన సంభావనలు పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు వ్యయమైనవి. మా ఈడు ఉపాధ్యాయమిత్రుడు నెలనెలా పింఛను తెచ్చుకొనుట చూచి, డెబ్బది దాటిన పిమ్మట కూడ మా మనస్సు చివుక్కుమనును. తృప్తిని గూర్చి పరులకు చెప్పువారము మేమే!

ఆ రాత్రి తైత్తిరీయోపనిషత్తులోని ఆనందమీమాంసను మననము చేసికొంటిమి. యువకుడు, సజ్జనుడు, విద్యావంతుడు, దృఢకాయుడు అగువానికి ధనపూర్ణమైన భూమి యంతయు లభించినచో, అది ఒక మానుషానందము. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందము. ఇట్లు నూరేసి రెట్లుగా బ్రహ్మానందము వరకు లెక్క సాగును. అనగా భూమి యంతయు దక్కినను పై మెట్టు మిగిలియే యుండును! జగిత్యాలలో రెండంతస్తుల మేడ కట్టినవాడు మూడంతస్తుల మేడను చూచి నిద్రపోకుండుట ఇందువలననే. అయితే రెండవ మెట్టు మొదలుకొని ప్రతి మెట్టునందును, కోరికచే కొట్టబడని శ్రోత్రియునకు అంతటి ఆనందమును కలదని శ్రుతి చెప్పుచున్నది. కొలత ధనములో లేదు, కోరికలో ఉన్నది.

అయినచో దాచుకొననక్కర లేదా? భాగవత ఏకాదశస్కంధములో తేనెటీగ కూడబెట్టి చెడినదని చెప్పబడినది నిజమే. కాని అది భిక్షువునకు చెప్పిన నీతి. గృహస్థునకు అష్టమస్కంధములో శుక్రాచార్యుడు వేరు మార్గము చెప్పెను: విత్తమును ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, తన భోగమునకు, స్వజనమునకు ఐదు పాళ్లు చేయవలెను. బలి దానము మానలేదు; అది మహాత్ముల త్యాగము. మనవంటివారికి ఈ విభాగమే శరణ్యము.

సోమరితనమునకు తృప్తి యని పేరు పెట్టరాదు. బీడీ పరిశ్రమలో కార్మికుని వేతనమునుండి 10 శాతము భవిష్యనిధికి పోవును. యజమానియు అంతే కలుపును. 2017లో సిరిసిల్ల వంటి చోట్ల మరమగ్గముల కార్మికునకు పొదుపు పథకము వచ్చినది. అతడు కూలిలో 8 శాతము దాచినచో ప్రభుత్వము మరి 8 శాతము కలుపునని నియమము. ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలైనది. ఇవి కొండంత ధనములు కావు, ముసలితనమునకు చేతికఱ్ఱలు. గల్ఫు వెళ్లిన కూలివానికి సామాన్యముగా అక్కడ పింఛను ఉండదు గనుక, అతడు పంపిన సొమ్ములోనే చేతికఱ్ఱను చెక్కుకొనవలెను. ప్రయత్నములో తృప్తి పనికిరాదు. ఫలములో అసంతృప్తి పనికిరాదు.

మరునాడు ఆ తల్లి వచ్చినది. "అమ్మా! ఐదు పాళ్లలో స్వజనము పాలు ఒకటి. అది కొడుకునకిమ్ము. తక్కినది నీ చేతిలోనుంచుకొనుము. ఇయ్యనందుకు పాపము లేదు. అంతయు ఇచ్చి రేపు కోడలి యెదుట చేయిచాచి, లోలోపల శపించుకొనుటయే పాపమునకు దారి" అంటిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "గట్లనే, పంతులు గారూ. మిగిలింది బ్యాంకుల ఏస్త. కొడుకు కోపానికి వస్తె మీ పేరు చెప్త" అని నవ్వినది.

మేమును ఇంటికి పోయి, ఆనాటి సంభావనలో ఒక పాలు వేరు తీసి, పోస్టాఫీసు పాసుపుస్తకములో వేసితిమి. ఈ వయస్సున ఆరంభమా యని మీరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని మీరు మాకంటె ముందుగా ఆరంభింపుడు. ఆ పైన పొరుగువాని పాసుపుస్తకమువైపు చూడకుడు.

స్వస్తి.