మూలపడ్డ లాప్‌టాప్‌కు మళ్ళీ చదువు



చాలా ఇళ్ళల్లో కొత్త లాప్‌టాప్ అబ్బాయికి, చేతిలో ఫోను అమ్మాయికి. ఫోనులో ప్రోగ్రాములు రాసి చదువుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లనే అడగండి. అదే ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి అటక మీద ఉంటుంది. విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్‌కు పనికిరాని యంత్రాలు అలా అటకెక్కాయి. వాటిని పాత సామాన్లవాడికి వేసే ముందు లైనక్స్ సంగతి వినండి.

1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టినది ఇది. అందులో ఒక రకమైన ఉబుంటు ఉచితంగానే దొరుకుతుంది. యంత్రం మరీ పాతదైతే లుబుంటు అనే తేలిక రకం ఉంది.

ముందుగా ఫోటోలు, కాగితాలు వేరేచోట దాచుకోండి. తర్వాత పిల్లలచేత పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు ఎక్కించి, దానితోనే కంప్యూటరు తెరిపించండి. లోపల ఎక్కించకుండానే వాడి చూడవచ్చు. చీర కొనేముందు మడత విప్పి చూడమూ? అలాగన్నమాట.

అప్పుడే వై-ఫై వస్తోందో లేదో చూడాలి. పైన కుడిమూల గుర్తు నొక్కితే మన ఇంటి వై-ఫై పేరు కనబడాలి. కనబడకపోతే విమానం బొమ్మ మీట పడి ఉందేమో చూడండి. అదీ కాకపోతే, ఆ వై-ఫై చిప్పుకు డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము విడిగా కావాలన్నమాట. అది తెచ్చుకోవాలంటే నెట్ ఉండాలి, నెట్ రావాలంటే అది ఉండాలి! పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు అన్న సామెతే. దీనికి ఉపాయం ఉంది. ఫోనును కేబులుతో కలిపి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెదరింగ్ పెట్టండి, నెట్ వస్తుంది. ఉబుంటును లోపల ఎక్కించాక, ఇదే ఉపాయంతో 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, అది చూపించిన డ్రైవర్ ఎంచుకుని, ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి.

ఇక ప్రోగ్రాములు రాసే పనిముట్లు. టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అని కొట్టండి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్క కూడా కనబడకపోవచ్చు. కంగారు పడకండి, అది లోపల పడుతూనే ఉంటుంది. తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్'. దీంతో సి, సి ప్లస్ ప్లస్ భాషలకు కావలసినవన్నీ వస్తాయి. పైథాన్ 3 ఉబుంటులో ముందే ఉంటుంది.

కాలేజీవాళ్ళు విండోస్ మీద మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా అడుగుతారేమో మాత్రం ముందే కనుక్కోండి. లేదంటే ఈ ఆదివారమే అటక దించండి. అమ్మాయికీ ఒక కంప్యూటరు అమరుతుంది.