వైరస్ వెళ్లాక మిగిలే దగ్గు

 

కొత్తగా డాక్టర్లవుతున్న పిల్లలూ, ఈవేళ మీతో దగ్గు గురించే మాట్లాడతాను.

నేను ఛాతీ వైద్యంలో అడుగుపెట్టిన కొత్తలో ఒక టీచరమ్మ వచ్చింది. జలుబు తగ్గి నెల దాటింది. పాఠం మొదలుపెట్టినా, పోపు ఘాటు తగిలినా దగ్గు తెర ఆగదు. ఎక్స్‌రే బాగుంది, కళ్లె పరీక్షలో క్షయ లేదు. అప్పటికే రకరకాల యాంటీబయాటిక్‌లు మింగింది. ఒకచోట "అంతా నీ అనుమానమేనమ్మా" అని పంపేశారట. అది చెబుతూ ఏడ్చేసింది.

అనుమానం కాదు. శ్వాసనాళాల లోపలి పొరలో వేగస్ నరపు కొసలు అల్లుకుని ఉంటాయి. వైరస్ ఆ పొరను దెబ్బతీస్తే కణాల నుంచి ఏటీపీ బయటికొస్తుంది, వాపు రసాయనాలు పెరుగుతాయి. వాటి తాకిడికి నరం ఎంత చిన్న కదలికకైనా ఉలిక్కిపడుతుంది. వైరస్ పోయినా అది కుదుటపడటానికి వారాలు పడుతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించిన టీఆర్‌పీవీ1 గ్రాహకం ఆ కొసల్లోనూ ఉంది. మిరప ఘాటుకు మనకు దగ్గొచ్చేది దానివల్లే. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది, సరే. ఊపిరితిత్తుల్లో జె-గ్రాహకాలను కనిపెట్టిన అవతార్ సింగ్ పైంటల్ పేరు మీలో ఎందరికి తెలుసు? ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ సంస్థకు డైరెక్టరుగా చేసిన మనిషి. చేతులు లేవడం లేదే! ఈ రాత్రికే చదవండి.

నా బెంగంతా మీరు రాసే చీటీ గురించి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని మీకు నేను చెప్పాలా? అయినా రోగి ఏదో ఒకటి రాయమన్నాడని రాసేస్తారు. రాయకండి. కూర్చోబెట్టి, "నరం ఇంకా మంట మీద ఉందమ్మా, మెల్లగా తగ్గుతుంది" అని చెప్పండి. టీచరమ్మకు నేను చెప్పిందీ అదే. కొన్ని వారాలకు ఆమె మళ్లీ హాయిగా పాఠాలు చెప్పుకుంది.

అలాగని ప్రతి దగ్గునూ నరం మీదకు నెట్టి నిద్రపోకండి. రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించి తీరాలి. ఎనిమిది వారాలు దాటితే ఉబ్బసం, ముక్కు వెనక నుంచి కారడం, కడుపులో ఆమ్లం పైకి తన్నడం అన్నీ వెతకండి. బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారో అడగండి. ఏసీఈ రకం మాత్రలతోనే దగ్గు వస్తుంటే, పాత చీటీ తిప్పి చూడకుండా కొత్త సిరప్ రాస్తే మాత్రం నేను ఊరుకోను.