మహానగరం ఎంతదాకా?

పట్టణ ప్రణాళికకే జీవితం ఇచ్చిన ఒక పెద్దాయన స్మృతిలో మాట్లాడమన్నారు. అందుకే ఆ వృత్తిలోని మూలప్రశ్ననే ఎంచుకున్నాను: మహానగరం ఎక్కడిదాకా?

మనం కూర్చున్న ఈ మార్కమ్‌కు దక్షిణ హద్దు స్టీల్స్ అవెన్యూ. రోడ్డు దాటితే టొరంటో. ఇళ్లూ దుకాణాలూ మాత్రం ఆగకుండా సాగిపోతాయి. 1953లో అంటారియో శాసనసభ 13 పురపాలికలతో మెట్రోపాలిటన్ టొరంటోను ఏర్పరచినప్పుడు, ఎక్కువగా పొలాలతో ఉన్న మార్కమ్ టౌన్‌షిప్ గీతకు అవతలే ఉండిపోయింది. 1971లో మార్కమ్‌ను కలుపుకొని యార్క్ రీజియన్ వచ్చింది. 1998లో టొరంటో పురపాలికలన్నీ ఒకే నగరమయ్యాయి. 2012లో మార్కమ్ కూడా సిటీ అయింది. ఇన్ని జరిగినా స్టీల్స్ గీత కదలలేదు.

కెనడా గణాంకశాఖ గీసే గీత వేరు. తెగకుండా సాగే జనావాసాన్ని అది ముందుగా కేంద్రభాగంగా తీసుకుంటుంది. మార్కమ్ అందులోనే పడుతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల వంతు. ఒక ఊళ్లో ఉంటూ పనిచేసేవాళ్లలో కనీసం సగంమంది కేంద్రభాగానికి పనికి వెళ్తుంటే, లేదా ఆ ఊళ్లో పనిచేసేవాళ్లలో కనీసం నాలుగోవంతు కేంద్రభాగం నుంచి వస్తుంటే, ఆ ఊరు మహానగర ప్రాంతంలో చేరుతుంది. అందుకే నడుమ అన్ని పొలాలున్నా ఆరెంజ్‌విల్ టొరంటో లెక్కలో ఉంది. టొరంటోకు రోజూ రైళ్లు నడిచే ఆషవా మాత్రం తనంతట తానే ఒక మహానగర ప్రాంతం. 2021లో ఈ లెక్కన టొరంటో ప్రాంత జనాభా 62 లక్షలు దాటింది.

 

ఈ పద్ధతిలో లోటు లేకపోలేదు. లెక్కకొచ్చేవి ఉద్యోగుల రాకపోకలే. మనవల్ని సాకడానికి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ బజారుకూ గుడికీ తిరిగే దారులు దానికి కనబడవు. అయినా నేను దీన్ని గౌరవిస్తాను. జనాన్ని ముందు అడిగి, తర్వాతే గీత గీస్తుంది కనుక.

భారతదేశంలో, మన దగ్గర, గీతే ముందు. 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం పది లక్షలు, ఆపైన జనాభా ఉన్న మెట్రోపాలిటన్ ప్రాంతాన్ని గవర్నరు నోటిఫికేషన్ నిర్ణయిస్తుంది. 2008లో ఏర్పడినప్పుడు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధి సుమారు 7,200 చదరపు కిలోమీటర్లు. అందులో ఏ పల్లె బతుకు నిజంగా హైదరాబాద్‌తో ముడిపడి ఉందో జనగణన చెప్పలేదు. పనిచోటు ఎంత దూరం, దేనిమీద వెళ్తారు అని 2011లో అడిగారు కానీ, ఏ ఊరికి అని అడగలేదు. భువనగిరిలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగే మనిషీ, జనగామలో దిగే మనిషీ ఆ పట్టికలో 31–50 కిలోమీటర్ల గడిలోనే కలిసిపోతారు.

పనిచేసే ఊరి పేరు కూడా అడగమని ఢిల్లీలోని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి రాయవలసిందిగా, ఇక్కడున్న ప్రణాళికా నిపుణులందరినీ కోరుతున్నాను.